ఆవగింజ కింద వరంగల్

అమెరికావాళ్ల ఆకాశనౌక స్కైలాబ్ కూలి నెత్తిన పడుతుందని ఊరంతా వణికిన ఆ బుధవారం మా ఇంటికి తెల్లారకముందే గ్రహణం పట్టింది. అది పంచాంగంలో ఉన్న గ్రహణం కాదు, మా అత్త పెట్టిన గ్రహణం.

నీళ్ల బిందెల మీద, పచ్చళ్ల జాడీల మీద, పాలగిన్నె మీద గరికపోచలు వేసింది. పొయ్యి ఆర్పించింది. కిటికీలు మూసి, సందుల్లోంచి వెలుతురు రాకుండా గోనెపట్టాలు కట్టింది. నెలలు నిండి పురిటికి వచ్చిన కూతురు సావిత్రిని నడిమింట్లో చాప మీద పడుకోబెట్టింది.

"కాలు ముడవకు, చెయ్యి ముడవకు. గోరు గిల్లకు. అది పడ్డదని రేడియోల చెప్పెదాంక కదలకు బిడ్డా."

"దప్పికైతాంది అమ్మా."

"గ్రహణం పూట నీళ్లు తాగుతరా? జర ఓపిక పట్టు."

సావిత్రి ఓపిక పట్టింది. చిన్నప్పటినుంచీ తల్లి మాట జవదాటని పిల్ల. నాకు భయమేసింది ఆ ఓపికను చూసే. అంతకు ముందు వారం దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా ఒక్క క్షణం ఆగకుండా తీసుకురావాలనీ చెప్పింది. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పే అంది. అప్పుడు మా అత్త నా పక్కనే ఉంది. తల కూడా ఊపింది.

మాది వరంగల్ మట్టెవాడలో మిరపకాయల వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక అర్ర నిండా బస్తాలు. మా ఆయన పాండురంగం సరుకు పని మీద గుంటూరు పోయి ఉన్నాడు. మా మామ వీరభద్రం దుకాణం తలుపు ఒక రెక్క మూసి, ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. విన్నదల్లా అక్కణ్ణుంచే లోపలికి కేకేస్తున్నాడు.

"ఇయ్యాల్నో రేపో ఖాయమట! ఏడ పడ్తదో అమెరికోళ్లకే తెల్వదట!"

వీధిలో జనం తక్కువే. పక్కింటివాళ్లు రాతి కోటైతే ఆగుతుందని మూటా ముల్లె సర్దుకుని ఖిలా వరంగల్ పోయారు. ఎదురింట్లో రెండు రోజులుగా పండగ వంటలు. బతికుంటే రేపు చూసుకుందాం అనే తిండి అది.

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను హనుమకొండలో బి.ఎ. చదివాను, భూగోళం నా సబ్జెక్టు. పెళ్లయ్యాక ఉద్యోగం లేదు. సాయంత్రాలు వసారాలో చుట్టుపక్కల ఆడపిల్లలు నలుగురైదుగురికి పాఠం చెప్పేదాన్ని. మా కాలేజీ మేడమ్ హైదరాబాదులో ఒక ప్రదర్శన నుంచి తెచ్చుకున్న రంగుల పటాలు కొన్ని, ఆవిడ బదిలీ మీద పోతూ నాకిచ్చింది. అంతరిక్షంలో ఉండి వచ్చిన మనుషులు కిటికీలోంచి భూమిని తీసిన ఫోటోలు అవి. ఒక్కొక్కటి మా వంటింటి చాటంత ఉంటుంది.

వాటిలో ఊళ్ల పేర్లుండవు, సరిహద్దు గీతలుండవు, ఉత్తరం ఎటో కూడా ఉండదు. పిల్లలు మొదటిరోజు తికమకపడ్డారు. గోడమీది దేశపటంలో పచ్చగా, పసుపుగా ఉండే రాష్ట్రాలు ఇందులో ఏవి? నేను పటాన్ని నేలమీద పరిచి తిప్పమన్నాను. నీలం సముద్రంలోకి బురదనీళ్లు పొగలా పాకేచోటు చూపించి, అది గోదావరి సముద్రంలో కలిసే చోటని చెప్పాను. అక్కణ్ణుంచి నాలుగు వేళ్ల వెడల్పు లోపలికి వచ్చి ఒక ఆవగింజ పెట్టమన్నాను.

"దీని కింద వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ ఉన్నయి."

"మా ఇల్లు, టీచర్?" అంది భారతి అనే పిల్ల.

"అదీ ఉన్నది."

భారతి ఆవగింజ ఎత్తి చూసింది. "ఇక్కడేం లేదు టీచర్!"

ఆ సాయంత్రం వాళ్లు నవ్విన నవ్వుకు మా మామ దుకాణంలోంచి లేచి వచ్చాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఈ ఫోటోలు తీసినవాళ్లు ఉన్న ఆకాశనౌక పేరు స్కైలాబ్ అని కూడా గర్వంగా చెప్పాను. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న మా అత్త ఆ మాట విన్నది. ఆవిడ ఒకసారి విన్న పేరు మరిచిపోదు.

మధ్యాహ్నం దాటింది. చీకటి గదిలో సావిత్రి మూలుగు వినబడకుండా పంటి కింద కొంగు పెట్టుకుందని నేను దగ్గరికి పోయి చూస్తే గానీ తెలియలేదు. చాప తడిగా ఉంది. వేళ్లతో తడిమాను. అవి నీళ్లు కావు.

"ఎప్పట్నుంచి?" అన్నాను మెల్లగా.

"ఇప్పుడే వదినా. అమ్మకు చెప్పకు. కదిలిన్నని తిడ్తది."

నేను లేచి అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడ వీధివైపు గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. తలుపు మూసి ఉంది. తాళంచెవి నడుముకు వేలాడుతోంది.

"అత్తమ్మా, ఉమ్మనీరు పోయింది. దవాఖానకు పోవాలె."

ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా గడప మీంచి లేవలేదు.

"దవాఖాన ఏడికి పోతది? అది పడ్డంక పోదాం."

"డాక్టరమ్మ ఏమన్నదో నువ్వు గూడ విన్నవు గదా."

"ఆమె చెప్పిననాడు ఆకాశంల ఇది లేదు. గ్రహణం పూట గర్భిణి గడప దాటితే ఏమైతదో నాకు చెప్తవా నువ్వు? నాకు?"

ఆ 'నాకు' అన్న మాటలో ఏముందో నాకు తెలుసు. సావిత్రి కంటే ముందు ఆవిడకొక కాన్పు. ఆ నెలల్లోనే సూర్యగ్రహణం. సరిగ్గా గ్రహణం పూటే కల్లంలో ఆరబోసిన మిరపకాయ మీద ఉన్నట్టుండి వాన మొదలైతే, అత్తగారి కేకకు భయపడి పట్టా కప్పడానికి పరుగెత్తింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఆవిడ ఆ సంగతి నాతో ఒకేసారి చెప్పింది, అదీ మిరపకాయ తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా. అందుకే ఆవిణ్ణి మూర్ఖురాలని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ లోపల పిల్ల ఓపిక పడుతోంది.

నేను పరుగున పోయి ఆ పటం తెచ్చాను. పోపుల డబ్బాలోంచి ఒక ఆవగింజ తీసి, గోదావరి నుంచి నాలుగు వేళ్లు కొలిచి పెట్టాను.

"ఇది చూడు అత్తమ్మా. వరంగల్ అంత కలిసి ఈ గింజంత. మట్టెవాడ కానొస్తదా? మన ఇల్లు కానొస్తదా? ఇంత భూమి ఉండంగ అది వచ్చి మన సావిత్రి మీదనే పడ్తదా?"

ఆవిడ పటాన్ని తీసుకుని, తలుపు సందులోంచి పడుతున్న వెలుతురు గీతకు దగ్గరగా పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. నాకు ఆశ పుట్టింది.

"ఇది తీసింది దాంట్లకెల్లేనా? ఆ స్కైలాబ్ లకెల్లేనా?"

"ఔను."

"అంటే మన మీదికెల్లే పోయింది."

ఆవిడ పటం మీంచి తల ఎత్తింది.

"మన నెత్తి మీదికెల్లి పోతేనే గద మన ఫోటో తీసింది! దానికి మన తోవ తెలుసు. ఇది తీస్కొచ్చి ఇంట్ల పెట్టినవ్. ఎంతమంది కండ్లు పడ్డయో దీని మీద. ఫోటో తీస్తెనే ఆయుష్షు తగ్గుతదని మా అమ్మ అనేది, మొత్తం దేశానికి దిష్టి పెట్టినవ్ గదే పిల్లా!"

ఆవిడ అన్నదాంట్లో దిష్టి సంగతి పక్కన పెడితే మిగతాది నిజమే. అది మా మీదుగానే పోయింది. నేను చదువుకున్న భూగోళం నా మీదికే తిరిగింది. ఏ పటంతో భయం పోగొడదామనుకున్నానో, ఆ పటమే ఆవిడ చేతిలో భయానికి సాక్ష్యమై కూర్చుంది.

నడిమింట్లోంచి "వదినా" అని పిలుపు. చిన్న గొంతు. అంతలోనే ఆగిపోయింది.

ఇక పెద్ద మాటలు చెప్పి లాభం లేదు. నేను మిగతా పటాలన్నీ తెచ్చి, గడప దగ్గర్నుంచి వెనక అర్ర దాకా నేలమీద వరుసగా పరిచాను. మొదటిది ఎడారి, తర్వాత అరేబియా సముద్రం, ఆవగింజ ఉన్న మన పటం, బంగాళాఖాతం, ఆ తర్వాత సముద్రం, సముద్రం, మబ్బులు కమ్మిన సముద్రం. గోనెపట్టా ఒకటి లాగేశాను. అత్త వద్దనలేదు.

"అది ఒక్కచోట నిలబడదు అత్తమ్మా. గానుగెద్దు తిరిగినట్టు భూమి చుట్టు తిరుగుతాంది. మన మీద ఉండేది ఈ ఒక్క పటమంత సేపు. తక్కినవన్ని గూడ దాని తోవలయే. లేచి చూడు."

ఆవిడ లేచింది. పొద్దున్నుంచి మొదటిసారి గడప వదిలింది. భూదేవిని తొక్కకూడదని పటాల అంచు వెంబడి గోడకు ఒదిగి నడిచింది.

"ఇదేంది?"

"నీళ్లు."

"ఇది?"

"అదీ నీళ్లే. మీద మబ్బులు."

"మళ్ల నీళ్లేనా?"

"మళ్ల నీళ్లే."

అర్ర ముందు ఉన్న పటం దగ్గర ఆగి వంగింది. మొత్తం ఎర్రగా ఉంది అది. "ఇది మిరప కల్లమా? ఎవలది, ఇంత పెద్దది?"

"కల్లం గాదు, ఆస్ట్రేలియా అనే దేశం. అక్కడి మన్నే ఎర్రగుంటది."

ఆవిడ వెనక్కి తిరిగి గడప వైపు చూసింది. అక్కణ్ణుంచి ఆవగింజ కనబడదు. కళ్లు చికిలించి వెతికింది.

"ఇప్పుడు అది వీటిల్ల దేని మీదున్నది?"

అబద్ధం చెప్పవచ్చు. ఎర్ర పటం చూపించి ఇదిగో ఇక్కడుంది, మన మీదికి రావడానికి చాలాసేపు పడుతుంది అనవచ్చు. కానీ దారిలో ఏదైనా జరిగితే ఆవిడ ముఖం మళ్లీ చూడలేను.

"నాకు తెల్వదు అత్తమ్మా."

"తెల్వకనే రమ్మంటున్నవా?"

"తెల్వకనే. ఇంట్ల ఉన్నా తెల్వదు. ఈ కప్పు గ్రహణాన్ని ఆపుతదేమో గని ఇనుమును ఆపదు, పెంకులే గద. బిడ్డ అడ్డమున్నది మాత్రం తెలుసు. అది ఏ పటం చూడకుండనే తెలుసు."

అప్పుడే సావిత్రి అరిచింది. ఓపిక అయిపోయిన అరుపు అది. దుకాణంలో మామ ట్రాన్సిస్టర్ ఆపేశాడు.

అత్త అటు వెళ్లలేదు. నిలబడి నన్ను చూసింది. "కుంపటి ముట్టియ్యి" అంది.

"ఎందుకు?"

"దిష్టి తీస్త. దిష్టి తియ్యకుంట గడప దాటనియ్య. ఉప్పు తే, మిరపకాయలు తే."

గ్రహణమని పొయ్యి ఆర్పించిన మనిషే నిప్పు చేయమంటోంది. నేను వాదించలేదు. బొగ్గులు వేసి, కిరసనాయిలు చిలకరించి ముట్టించాను. ఆవిడ పద్ధతి నాకు తెలుసు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి బలంగా ఉన్నట్టు. ఆ రోజు మనిషి ఇల్లు కదలకూడదు. ఘాటు వచ్చి దగ్గు పుడితే ఏమీ లేనట్టు.

వంటింటి డబ్బాలోంచి గుప్పెడు మిరపకాయలు తెచ్చి చేతికిచ్చాను. మా ఇంట్లో వాడేది చపాటా కాయ. గుండ్రంగా, ఎర్రగా, చూడ్డానికి నిప్పులా ఉంటుంది గానీ కారం అంతంత మాత్రమే. పచ్చళ్లకు రంగు కోసం దాన్ని కొంటారు. ఇచ్చాక తట్టింది నాకు. ఇవి కాలితే పొగ వస్తుంది, ఘాటు రాదు. ఇప్పుడు వద్దని లాక్కుంటే అనుమానిస్తుంది.

అత్త అరచేతిలో కాయల్ని చూసుకుంది. ఒకటి విరిచి వాసన చూసింది. అన్నిటినీ గడప పక్కన పెట్టేసింది.

"ఇవి గాదు. అర్రల మూలకు గుంటూరు బస్త ఉన్నది గద, దాంట్ల సన్నకాయ తే."

నేను ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ దిష్టికి చపాటా తప్ప ఇంకో కాయ వాడగా చూడలేదు. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"నిలబడ్డవేంది? జల్ది!"

ముట్టుకుంటేనే చెయ్యి మండే ఆ సన్నకాయ గుప్పెడు తెచ్చాను. ఆవిడ ఉప్పు కలిపి ముందు సావిత్రికి తల నుంచి కాళ్ల దాకా మూడుసార్లు తిప్పింది. తర్వాత గడప దగ్గర కూర్చుని ఆవగింజ ఉన్న పటం మీద కూడా మూడుసార్లు తిప్పింది. కన్యాకుమారి నుంచి పైదాకా, సముద్రాలతో సహా. "ఇంటోళ్ల దిష్టి, బయటోళ్ల దిష్టి, ఆకాశంల పోయేటోళ్ల దిష్టి" అంటూ తూ, తూ, తూ అని ఉమ్మి, గుప్పెడూ కుంపట్లో వేసింది.

క్షణంలో ఇల్లంతా ఘాటు నిండింది. సావిత్రి దగ్గింది. నేను దగ్గాను. దుకాణంలో మామ దగ్గుతూ, "ఇదేంది, పడ్డదా ఏంది ఇంట్ల!" అని కేకేశాడు.

అత్త కూడా దగ్గింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "దిష్టి లేదు" అంది. నడుముకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "రిక్షా పిలువుమను మీ మామను."

రిక్షా రాయమల్లు మా వీధి చివరే ఉంటాడు. మామ పిలిస్తే అన్నం చేత్తోనే వచ్చాడు.

"పోదాం పా అమ్మ. ఉన్న ఒక్క కోడిని పొద్దుగాల్నే కోస్కొని తిన్న. ఇగ నాకేం ఫికర్? పడితె నా నెత్తి మీద పడాలె, అదే పగుల్తది."

"నోరు మూస్కొని తొక్కు" అంది అత్త.

సావిత్రిని ఎక్కించి, తల అత్త ఒళ్లో పెట్టి, నేను కింద కాళ్ల దగ్గర కూర్చున్నాను. రిక్షా కదిలేటప్పుడు అత్త ఒక్కసారి ఆకాశం వైపు చూసింది. మబ్బు పట్టి ఉంది. అంతే, మళ్లీ చూడలేదు. తొక్కుడు మీద తొక్కుడు. సావిత్రికి నొప్పి వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుంటోంది. పట్టు విడిచినప్పుడు ఇంకా భయం వేస్తోంది. ఒకచోట దారి మధ్య జనం గుంపు, అందరూ పైకి చూస్తున్నారు. రాయమల్లు గంట కొట్టి కొట్టి, చివరికి తిట్టి దారి చేసుకున్నాడు.

చౌరస్తా దగ్గర ఢామ్మని పెద్ద చప్పుడు. రాయమల్లు రిక్షా ఆపేసి చెవులు మూసుకున్నాడు. జనం పరుగులు. అత్త సావిత్రి మీదికి పూర్తిగా వంగి, తన వీపంతా ఆకాశానికి పెట్టింది. నేను కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక లారీ, పగిలిన టైరుతో పక్కకు ఒరిగి ఉంది.

అత్త వంగినదల్లా లేవకుండానే అరిచింది. "తొక్కు రాయమల్లూ! పడేదేదో పడ్డదనుకో, తొక్కు!"

దవాఖానలో వెంటనే లోపలికి తీసుకున్నారు. బిడ్డ చేయి బయటికి రాకముందే తెచ్చారని నర్సు అన్నది. అత్త వరండా నేలమీద కూర్చుంది. దీపాలు వెలిగాయి. ఆవిడ ఉన్నట్టుండి, "ఏడుస్తదా?" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతికి ఇంకా మిరప మంట ఉంది.

తలుపు అవతల నుంచి ఏడుపు వినబడింది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా, ఆపకుండా. ఆడపిల్ల. అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికీ తీయలేదు.

తెల్లవారి, బాలింతకు పథ్యం వండి తీసుకుపోదామని నేనూ అత్తా ఇంటికి వచ్చాం. మామ దుకాణం రెండు రెక్కలూ తెరిచి కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే ట్రాన్సిస్టర్ ఎత్తి చూపించాడు.

"పడ్డదట! రాత్రే పడ్డది. సముద్రంల కొంత, ఆస్ట్రేలియాల కొంత!"

అత్త లోపలికి నడిచింది. పటాలు నిన్న పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. ఆవగింజ కూడా కదల్లేదు. ఆవిడ అంచు వెంబడి నడుచుకుంటూ పోయి, ఎర్ర పటం దగ్గర కూర్చుంది.

"ఈడనేనా?"

"ఆడనే. దాంట్ల ఏదో ఒక మూలకు."

"మనుషులున్నరా ఆడ?"

"ఉన్నరు. తక్కువమంది."

"గర్భిణులు, బాలింతలు?"

"ఉంటరు అత్తమ్మా. లేకుంట ఎట్లుంటది."

ఆవిడ లేచి గడప దగ్గరికి వచ్చింది. నిన్న పక్కన పెట్టిన చపాటా కాయలు అక్కడే ఉన్నాయి. వాటిని ఏరుకుని, ఉప్పు కోసం నా వైపు చెయ్యి చాపింది.

"ఆ ఊరి పేరేంది?"

"తెల్వదు. ఈ పటంల పేర్లుండయి."

"పేరు లేకుంటేంది తియ్" అంటూ, మూసిన గుప్పెడు ఆ ఎర్రనేల మీద మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.